తోటలోకి వెళ్ళేముందు వేసుకునే బిళ్ళ

కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, జూన్ నెల బదిలీల్లో నన్ను నూజివీడు ప్రాంతానికి ఉద్యాన అధికారిగా వేశారు. ఆగిరిపల్లి, చాట్రాయి మండలాలు నా పరిధి. మా శాఖలో మెట్లు తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఊళ్ళో రైతుకి ముందుగా కనపడేది గ్రామ ఉద్యాన సహాయకులు. వాళ్ళ పైన ఉద్యాన అధికారి, అంటే నేను. నా పైన సహాయ సంచాలకులు. ఆయన్ని అందరూ ఏడీ గారు అంటారు. మామిడి పూత దగ్గర్నుంచి కాయ లారీ ఎక్కేదాకా తోటల్లో ఏం జరుగుతోందో చూడటం, రైతుకి ఏం చేయాలో చెప్పడం, పైకి రిపోర్టు పంపడం నా పని. తోట చూడకుండా రిపోర్టు రాసే మహానుభావులు మా శాఖలోనూ ఉన్నారు. నేను వాళ్ళలో లేను. రిటైరయ్యాక కూడా ఆ మాట గట్టిగానే చెబుతాను.

అప్పటికే నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చి చాలా ఏళ్ళయింది. పొడుగు పేరు కాబట్టి ఎంఎస్ అంటారు. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన నరాల మీద ఒక తొడుగు ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే పొరపాటుపడి ఆ తొడుగుని అక్కడక్కడా కొరికేస్తుంది. ఎక్కడ కొరికితే అక్కడ కబురు అందదు. నాకు మొదట కుడికన్ను మసకేసింది. బంగినపల్లి పండు ఒక కంటికి పసుపుగా, ఇంకో కంటికి వెలిసిపోయిన గుడ్డలా కనపడేది. కన్ను చాలావరకు బాగైంది గానీ, ఎండ ముదిరితే ఎడమకాలు చెప్పిన మాట ఆలస్యంగా వింటుంది. మెడ కిందికి వంచితే వెన్నులో చిన్న కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుంది. దీనికి మందు వాడుతున్నాను, ఏటా స్కానింగు చేయించుకుంటున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇందులో జాలిపడాల్సింది ఏమీ లేదు.

జాలిపడాల్సింది ఏదైనా ఉందంటే అది తలనొప్పి. నూజివీడు వచ్చాక అది రోజువారీ అయిపోయింది. పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి తల చుట్టూ తడితాడు బిగించినట్టు ఉండేది. మధ్యాహ్నానికి కాస్త తగ్గి, సాయంత్రానికి మళ్ళీ లేచేది. ఎవరికి చెప్పినా ఒకటే జవాబు. "మీకు ఎంఎస్ కదండీ, ఉంటాయి మరి." ఆఫీసు అటెండరు అదే మాట, మా ఆడపడుచు అదే మాట. అదివరకు చూసిన ఇద్దరు డాక్టర్లు కూడా చేతిలో ఉన్న ఫైలు మీద ఆ రెండు ముక్కల పేరు చూసి, నా ముఖం చూడకుండా అదే మాట అన్నారు. ఒకసారి జబ్బు పేరు పడితే చాలు, ఒంట్లో ఏం జరిగినా ఆ పేరు మీదే రాసేస్తారు. నాకు కాలికి ముల్లు గుచ్చుకున్నా ఎంఎస్ వల్లే అనేట్టున్నారని ఒకరోజు మా ఆయనతో అన్నాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి నాకన్నా ముందే రిటైరయ్యాడు. అయితే ముల్లుకి కూడా బిళ్ళ వేసుకుంటావా అన్నాడు. అప్పుడు నాకు కోపమొచ్చింది గానీ, ఆయనన్న మాటలోనే అసలు సంగతి ఉంది.

బిళ్ళ సంగతి చెప్పాలి. మామిడి తోటల్లో ఒక అలవాటు ఉంది. మందు కొట్టే కూలీలు ట్యాంకులో మందు కలిపే ముందు ఒక తలనొప్పి బిళ్ళ వేసుకుంటారు, ఆ వాసనకి తల పట్టకుండా ఉండాలని. కాయ కోసేవాళ్ళు చివర వల కట్టిన చిక్కం కర్ర అందుకునే ముందు ఒకటి వేసుకుంటారు. తోట కౌలుకి తీసుకునే వ్యాపారి కాపు చూడటానికి వస్తూ ఒకటి వేసుకుంటాడు, పొద్దస్తమానం తలెత్తి కొమ్మల్లోకి చూడాలి కాబట్టి. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, రాకముందే. తోట దారిలో టీకొట్టుకి వెళితే గ్లాసుతో పాటు బిళ్ళ కూడా చేతిలో పెడతారు, అడగక్కర్లేదు. మామిడి తోటకి వచ్చిన మనిషికి టీ ఇవ్వడం మర్యాద, బిళ్ళ ఇవ్వడం ప్రేమ. అందులోనూ నేను ఒంట్లో బాగాలేని మేడం గారిని. నాకు ప్రేమ మరీ ఎక్కువగా అందేది. ఎండన పడి వచ్చారు, ఓ బిళ్ళేసుకోండి మేడం అని ఒకరు, ఇప్పుడే వచ్చారు, తోటలోకి వెళ్ళేముందే వేసుకోండి అని ఇంకొకరు. నేను వేసుకునేదాన్ని. అక్కడ పనిచేసినవాళ్ళెవరూ దాన్ని మందుగా లెక్కపెట్టరు. డాక్టరు ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఎంఎస్ మందుల పేర్లే చెప్పేదాన్ని. వక్కపొడి వేసుకుంటే డాక్టరుకి చెబుతామా?

ఆ పూత కాలంలో నల్ల తామర పురుగు గొడవ ఎక్కువైంది. కంటికి ఆనీ ఆనని పురుగు. పూతగుత్తిలో దూరి రసం పీలుస్తుంది, పూత మాడిపోతుంది. ఉందో లేదో చూడాలంటే పూతగుత్తి కింద తెల్లకాగితం పట్టి, గుత్తిని వేలితో తట్టాలి. కాగితం మీద పడ్డ నల్లటి నలుసులు కదిలితే పురుగు, కదలకపోతే దుమ్ము. తోటలో నాలుగు పక్కలా, మధ్యలో, ఇలా కొన్ని చెట్ల దగ్గర తట్టి చూసి, సగటు తీసి, అప్పుడు మందు అవసరమో కాదో చెబుతాం. దీన్నే మేం పూత సర్వే అంటాం.

ఫిబ్రవరిలో ఒక పొద్దున చాట్రాయిలో రైతుల మీటింగు పెట్టాను. రామకోటేశ్వరరావు గారని అక్కడ పెద్ద రైతు. బంగినపల్లి, రసాలు కలిపి చాలా తోట ఉంది ఆయనకి. నోరున్న మనిషి. వారం వారం మందు కొట్టిస్తున్నానని, ఇంకా కొట్టిస్తానని అందరి ముందూ చెప్పాడు. నేను ఊరుకోలేదు. పురుగు ఉందో లేదో చూడకుండా క్యాలెండరు చూసి మందు కొడితే పురుగుని తినే మంచి పురుగులు ముందు చస్తాయని చెప్పాను. తామర పురుగు మందుకి అలవాటు పడుతుందని, ఆ తర్వాత మందు కొట్టినా పురుగే, మానినా పురుగేనని, చివరికి పురుగుని మనమే పెంచినట్టవుతుందని గొంతు బొంగురు పోయేదాకా చెప్పాను. "అట్టా అంటే ఎట్టాగండీ మేడం? ముందు జాగర్త ఉండొద్దా?" అన్నాడాయన. ముందు జాగ్రత్త అంటే ముందు చూడటం, ముందు కొట్టడం కాదు అన్నాను. మాట బాగా పేలింది, జనం నవ్వారు. మీటింగు అయ్యాక తోటలోకి వెళ్ళేముందు ఆయనిచ్చిన టీ తాగి, ఆయనిచ్చిన బిళ్ళ వేసుకున్నాను.

అదేరోజు సాయంత్రం విజయవాడలో నా నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పాత డాక్టరు ఊరు మారిపోవడంతో కొత్తావిడ దగ్గరికి అది మొదటిసారి. నాకన్నా వయసులో చిన్నది, నోరు మాత్రం నాకన్నా పెద్దది. స్కానింగు చూసి కొత్త మచ్చలేవీ లేవంది. తలనొప్పి ఎప్పుడు లేస్తుందని అడిగింది. పొద్దున్న నిద్ర లేచేసరికే అన్నాను. అప్పటికి ఎండ తగల్లేదు కదా, తోటలో తలెత్తి చూడలేదు కదా, మరెందుకు వస్తోంది అంది. నొప్పికి ఏం వేసుకుంటారు అంది. ఎప్పుడైనా ఒక బిళ్ళ అన్నాను. ఆవిడ నా హ్యాండ్‌బ్యాగు బల్ల మీద బోర్లించమంది. నేను పెద్ద ఉద్యోగిని, ఆవిడ నా కూతురి వయసుది, అయినా బోర్లించాను. తాళాలు, దువ్వెన, రుమాలు, బైబిలు వాక్యాల చిన్న పుస్తకం, వాటితో పాటు రకరకాల రంగుల బిళ్ళల అట్టలు బల్ల నిండా పడ్డాయి. సగం అయినవి, విడిగా కాగితంలో చుట్టినవి, ఏ కొట్టులో ఎవరిచ్చారో నాకే గుర్తులేనివి.

ఆవిడ అరవలేదు. నెమ్మదిగా చెప్పింది. నొప్పి బిళ్ళ ఎప్పుడో ఒకసారి అయితే పనిచేస్తుందట. రోజూ వేస్తే మెదడు దానికి అలవాటు పడుతుందట. రాత్రి బిళ్ళ దిగిపోతుంది కాబట్టి పొద్దున్నే నొప్పి లేస్తుంది, నొప్పి లేచింది కాబట్టి మళ్ళీ బిళ్ళ. ఇక అప్పుడు వేసుకున్నా నొప్పే, మానినా నొప్పే. ఈ తలనొప్పి ఎంఎస్‌ది కాదు, బిళ్ళలది అంది. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆపుకోలేక పకపకా నవ్వాను. పొద్దున్న చాట్రాయిలో నేను చెప్పిన ఉపన్యాసం మాట మారకుండా నాకే చెబుతోంది ఈ పిల్ల! నవ్వు ఆగాక ఒళ్ళు మండింది. బిళ్ళ మీద కాదు. ఇన్నాళ్ళూ ఎంఎస్ కదండీ అని చెప్పి, ఇంకో ప్రశ్న వేయకుండా పంపించేసిన ప్రతివాళ్ళ మీదా మండింది. ఒక్కరంటే ఒక్కరు హ్యాండ్‌బ్యాగు బోర్లించమని ఉంటే నా బతుకులో ఎన్ని పొద్దులు బాగుండేవో!

బిళ్ళలు పూర్తిగా మానేయాలి అంది డాక్టరు. కొన్నాళ్ళు నొప్పి ఇప్పటికన్నా ఎక్కువవుతుంది, ఓర్చుకోవాలి, రాత్రిపూట వేసుకోవడానికి వేరే మందు ఇస్తాను, అది నొప్పిని అణచడానికి కాదు, రాకుండా చూడటానికి, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా సెలవు పెట్టండి అంది. సెలవు కుదరదన్నాను. మీ ఇష్టం, కానీ కన్ను మసకేసినా, కాలు మరీ బరువెక్కినా అది తలనొప్పి లెక్కలోకి రాదు, వెంటనే నా దగ్గరికి రావాలి అని గట్టిగా చెప్పింది. నేను చదివేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. ఇది నా డాక్టరు నా ఒంటికి చెప్పిన మాట. మీ బిళ్ళలు మీ డాక్టరుని అడిగి మానండి, నన్ను చూసి కాదు.

సెలవు ఎందుకు కుదరదో చెబుతాను. అప్పటికి మా ఏడీ గారు నన్ను ఏలూరులో జిల్లా ఆఫీసుకి పంపాలని నిర్ణయించేసుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. జాలిగుండె మనిషి. తిట్టే ఆఫీసరుతో పోట్లాడటం తేలిక, జాలిపడే ఆఫీసరుతో పోట్లాడటం నరకం. ఒకటి రెండుసార్లు తలనొప్పితో నేను తోటలో చెట్టుకి ఆనుకుని కూర్చోవడం ఆయన చూశారు. "మీ మంచికే చెబుతున్నానమ్మా. ఫ్యాను కింద కూర్చుని ఫైళ్ళు చూసుకోండి. ఈ ఎండల్లో మీకెందుకు?" అన్నారు. నా మంచి నాకు తెలుసండీ అన్నాను. ఫైళ్ళు చూసుకోవడానికి నేను ఉద్యానశాస్త్రం చదవలేదు. ఇన్నేళ్ళు చెట్ల కింద నిలబడి సంపాదించుకున్న చూపు నాది. దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టమంటే ఎలా? ఇప్పుడు నేను సెలవు పెడితే ఆయన అనుకున్నదే నిజమైపోతుంది. పూత సర్వే అయ్యేదాకా ఆగండి, ఒక్క తోట వదిలేసినా మీరు చెప్పిన చోటికి నేనే వెళతాను అని మాటిచ్చాను. ఆయన సరేనన్నారు గానీ, సర్వే చివర్లో శాస్త్రవేత్తలతో కలిసి ఉమ్మడి పరిశీలనకి తాను కూడా వస్తానని చెప్పారు. ఆ పరిశీలన దేనికో నాకు అర్థమైంది.

బిళ్ళలు మానేశాను. మొదటిరోజు ఇంతేనా అనిపించింది. రెండోరోజు మధ్యాహ్నానికి తెలిసొచ్చింది. తల పగిలిపోతోందని మనం ఊరికే అంటుంటాం. అప్పుడు నాకు నిజంగా పగిలితే బాగుండును, లోపలున్నది బయటికి పోయేది అనిపించింది. వాంతులు. వెలుతురు చూడలేను. గిన్నె చప్పుడైతే కొట్టాలన్నంత కోపం. మా ఆయన మొదటివారమంతా వంటింట్లో పిల్లిలా తిరిగాడు. మా చర్చి సంఘంలో స్త్రీల ప్రార్థన కూటమి వాళ్ళు చూడటానికి వచ్చారు. మంచివాళ్ళు, చల్లగా ప్రార్థన చేశారు. ఆమెన్ అయిన వెంటనే ఒకావిడ కొంగుముడి విప్పి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. ఎంతో ప్రేమగా పెట్టింది పాపం. నేను చేయి మూసి మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టాను. ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల శ్రమ దినాలు, అంటే లెంటు, మొదలయ్యాయి అప్పటికే. అందరూ లెంటులో మాంసం మానేస్తే మా ఆవిడ బిళ్ళలు మానేసింది, దేవుడికి ఏది ఎక్కువ ఇష్టమో చూడాలి అని మా ఆయన వాళ్ళతో అన్నాడు. వాళ్ళు నవ్వారు. నాకు నవ్వడానికి ఓపిక లేదు, ఆయన్ని తిట్టడానికి మాత్రం ఉంది.

సర్వే మానలేదు. పద్ధతి మార్చాను. తలెత్తి కొమ్మల్లోకి చూస్తే మెడ పట్టి నొప్పి రెట్టింపవుతోంది. వంగి కాగితం చూస్తే వెన్నులో షాకు. పైకి చూడలేను, కిందికి చూడలేను. ఎదురుగా చూడగలను కదా, అయితే చూడాల్సింది ఎదురుగానే రావాలి అనుకున్నాను. మా చర్చిలో పాటలు పాడేవాళ్ళు పుస్తకం పెట్టుకునే ఇనప స్టాండు ఒకటి ఉంది. పాస్టరు గారిని అడిగి తెచ్చుకున్నాను. మడత కుర్చీలో కూర్చుని, స్టాండు కంటి ఎత్తుకి పెంచి, తెల్లకాగితం దాని మీద క్లిప్పుతో పెట్టేదాన్ని. మా గ్రామ సహాయకురాలు కొక్కెం కర్రతో కొమ్మ వంచితే నేను గుత్తిని తట్టేదాన్ని. మెడ కదలక్కర్లేదు. తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ముదరకముందు ఆపేదాన్ని, మళ్ళీ పొద్దు వాలాక వెళ్ళేదాన్ని. మెడ చుట్టూ తడితువ్వాలు. రైతులు ఒకటే నవ్వు. మేడం గారు తోటలో పాటలు పాడతారా అని అడిగారు. పురుగు పాడితే నేను తాళం వేస్తానన్నాను. ఒక తోటలో తట్టడం ఆపి చెట్టు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుని వచ్చి, నోరు కడుక్కుని, మళ్ళీ తట్టాను. సిగ్గేమీ పడలేదు. ఒక్క తోట వదల్లేదు.

ఉమ్మడి పరిశీలన రామకోటేశ్వరరావు గారి తోటలోనే పెట్టారు. పొద్దున్నే రమ్మంటే అందరూ చేరేసరికి ఎండెక్కింది. ఏడీ గారు, పరిశోధన కేంద్రం నుంచి ఇద్దరు శాస్త్రవేత్తలు, చుట్టుపక్కల రైతులు. నా తల ఆరోజు ఘోరంగా ఉంది. రాత్రి మందు ఇంకా పట్టు అందుకోలేదు. కుర్చీ వేసుకుని, స్టాండు పెట్టుకుని కూర్చున్నాను. అంత పెద్దవాళ్ళు నిలబడి ఉంటే నేను కూర్చున్నానని ఎవరో గొణిగారు. వినపడింది, లేవలేదు.

నా సర్వేలో ఆ తోటలో పురుగు మిరపచేను పక్కనున్న అంచు వరసల్లోనే ఉంది. లోపల వరసల్లో లెక్కచేయదగ్గ పురుగు లేదు. మిరప నుంచి గాలికి వచ్చి అంచున వాలింది. కాబట్టి అంచు వరసలకి మాత్రమే మందు, లోపలికి ఇప్పుడు వద్దు అని చెప్పాను. రామకోటేశ్వరరావు గారు ఒప్పుకోలేదు. "లోపల లేదని మీకెట్టా తెలుసండీ? మీరు కూకున్న చోటి నుంచి కనపడుద్దా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఏడీ గారు దగ్గరికొచ్చి నెమ్మదిగా, బాగా తలనొప్పిగా ఉన్నట్టుందమ్మా, ఇది వేసుకోండి అని చొక్కా జేబులోంచి బిళ్ళ తీశారు. అది చూసి రామకోటేశ్వరరావు గారు కూడా జేబులో చేయి పెట్టాడు. ఆ వెనక ఇంకో రైతు పెట్టాడు.

అప్పుడు నాకు ఓపిక నశించింది. "ఈ తోటలో జేబులో బిళ్ళ లేని మగాడు ఎవరన్నా ఉన్నారా?" అన్నాను. ఏడీ గారూ, తలనొప్పిగానే ఉంది అన్నాను. కళ్ళు తెరవలేనంతగా ఉంది. బిళ్ళ వేసుకోను, ఇంటికీ వెళ్ళను. మీరు ఇక్కడికి వచ్చింది తామర పురుగు ఉందో లేదో చూడటానికా, నేను నిలబడగలనో లేదో చూడటానికా? పురుగు కోసమైతే ఆ లోపలి వరసలు నిన్న తెల్లారగానే నేను స్వయంగా చూశాను. అనుమానం ఉంటే వెళ్ళి తట్టి చూడండి, కాగితం ఇస్తాను. నా కోసమైతే, ఈ ఎండలో నడిస్తే నా కాలు ఆలస్యంగా మాట వింటుంది, అది నాకు తెలుసు, మీకూ తెలుసు. పదిమంది ముందు దానికి పరీక్ష పెట్టించుకోను. ఇంత మాట అని, స్టాండు మీద క్లిప్పు తీసి కాగితం చాపాను.

శాస్త్రవేత్తల్లో పెద్దాయన నా చేతిలో కాగితం తీసుకున్నాడు. ముగ్గురు నలుగురు కలిసి లోపలికి వెళ్ళారు. ఏడీ గారు, రామకోటేశ్వరరావు గారు కూడా వెళ్ళారు. చాలాసేపటికి తిరిగొచ్చారు. కాగితం మీద దుమ్ము తప్ప కదిలేది పెద్దగా ఏమీ లేదు. మేడం లెక్క సరిపోయిందండీ అన్నాడు శాస్త్రవేత్త. అంచు వరసలకే మందు అని అక్కడే రాసుకున్నారు. ఏడీ గారు చెమటలు కక్కుతూ వచ్చి, నాకివ్వబోయిన బిళ్ళ తానే వేసుకున్నారు. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పి నవ్వాను.

శ్రమ దినాలు ఇంకా కొన్ని మిగిలి ఉండగా, ఒక పొద్దున లేచి పళ్ళు తోముకుని, టీ పెట్టుకుని, పేపరు తిరగేస్తున్నాను. ఏదో మర్చిపోయానన్నట్టు అనిపిస్తోంది. స్టవ్ కట్టేశానా, గేటు వేశానా అని చూసుకున్నాను. అప్పుడు తట్టింది, తలనొప్పి లేదు. తల కదిపి చూశాను, నిజంగా లేదు. నేను ఏడ్చాను. ఏడిస్తే మళ్ళీ వస్తుందేమోనని భయమేసి ఆపాను. రాలేదు. ఇక నిక్షేపంగా కూర్చుని మళ్ళీ ఏడ్చాను. మా ఆయన వచ్చి ఏమైందన్నాడు. ఏమీ అవలేదు, అదే ఏడుపు అన్నాను.

అయినా ఏడీ గారు నన్ను జిల్లా ఆఫీసుకి మార్చాలని పైకి ప్రతిపాదన పంపారు. పంపి, నాకే ఫోన్ చేసి చెప్పారు, మీ మంచికేనమ్మా అని. వేసవి ముగిశాక ప్రభుత్వాసుపత్రిలో మెడికల్ బోర్డు ముందు కూర్చున్నాను. ఉద్యోగి ఆ పనికి పనికొస్తారో లేదో తేల్చేది ఆ బోర్డు. ముగ్గురు డాక్టర్లు. ప్రతిపాదనలో కారణం దగ్గర, ఎంఎస్ వల్ల నిరంతర తలనొప్పితో క్షేత్ర విధులు చేయలేకపోతున్నారు అని ఉంది. తలనొప్పి ఎంఎస్ వల్ల రాలేదు, బిళ్ళల వల్ల వచ్చింది, బిళ్ళలు మానాను, ఇప్పుడు నిరంతరం లేదు, ఎప్పుడైనా అందరికీ వచ్చినట్టే వస్తుంది అని చెప్పి నా డాక్టరు రాసిచ్చింది చూపించాను. వాళ్ళు చదివారు. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి, అయినా ఎంఎస్ ఉంది కదమ్మా అన్నాడు. ఉందండీ అన్నాను. దివ్యాంగుల చట్టంలో దాని పేరు కూడా ఉంది. ఉద్యోగంలో ఉండగా వచ్చిన జబ్బుకి మనిషిని తీసేయకూడదని, ఉన్న పని చేతకాకపోతేనే వేరే పని ఇవ్వాలని ఆ చట్టమే చెప్పింది. నాకు చేతకాని పని ఏదో మీరు చెప్పండి, రాసుకుంటాను. సర్వేలో నేను వదిలేసిన తోట ఒక్కటుంటే దాని పేరు చెప్పండి అన్నాను.

వాళ్ళ దగ్గర పేరు లేదు. నడిపించి చూశారు, కళ్ళు చూశారు, చేతులు పట్టించి చూశారు. ఎండ ముదిరిన వేళల్లో తప్ప క్షేత్ర విధులకు అర్హురాలు అని రాశారు. ఆ ఒక్క షరతు నేను అప్పటికే నా అంతట నేను పాటిస్తున్నదే. రిటైరయ్యే రోజుదాకా తోటల్లోనే పనిచేశాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఏంటంటే, ఒక చెట్టుకి ఒక తెగులు ఉందని తెలిశాక, దాని ఆకు మీద కనపడే ప్రతి మచ్చనీ ఆ తెగులు కిందే రాసేవాడు పరీక్ష చేయడం మానేసినట్టు లెక్క. తోటలో ఆ పని చేస్తే పంట పోతుంది. మనిషికి ఆ పని చేస్తే ఉద్యోగం పోతుంది, కొన్నిసార్లు బతుకే పోతుంది. ఎంఎస్ నాతోనే ఉంది, అది పోయేది కాదు. తలనొప్పి పోయేది, పోయింది. పోయే నొప్పిని పోనిదని చెప్పి భరించమనేవాళ్ళు మీకూ ఎదురవుతారు. వాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా, ఎంత మంచివాళ్ళైనా సరే, ముందు పరీక్ష చేయమనండి. చేసేదాకా కుర్చీలోంచి లేవకండి.